గర్డర్ల యార్డులో భోజనం

"హెల్మెట్ లేకుంటే లోపలికి పోనియ్య," అన్నాడు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న లచ్చిరాం.

జయప్రకాశ్ చేతిలో ఉన్న హెల్మెట్ ఎత్తి చూపించాడు.

"గది రోడ్డు హెల్మెట్ సారూ. గీడ యార్డు హెల్మెట్ గావాలె." లచ్చిరాం మేకుకు వేలాడుతున్న తెల్ల హెల్మెట్ తీసిచ్చాడు. "ఎవలు గావాలె?"

"లిఖిత గారు."

"క్వాలిటీ మేడమా? ఏం పని మీద?"

దీనికి జవాబు జయప్రకాశ్ దగ్గర లేకపోలేదు. రెండుసార్లు పెళ్ళిచూపులు పెట్టుకుని రెండుసార్లూ అమ్మాయి రాలేదు, ఎందుకు రాలేదో అడుగుదామని వచ్చాను. కానీ ఈ మాట గేటు దగ్గర నిలబడి ఎలా చెప్తారు?

"యార్డు చూద్దామని," అన్నాడు.

లచ్చిరాం అతని ఇస్త్రీ చొక్కాను, మెరుస్తున్న బూట్లను చూసి, ముక్కు ఎగబీల్చాడు.

"గర్డర్లు జూడనీకి సెంటు గూడ గొట్టుకొచ్చినవా సారూ?"

జయప్రకాశ్ హెల్మెట్ పెట్టుకున్నాడు. అది కాస్త పెద్దదై కనుబొమల మీదికి జారింది.

వాళ్ళది అశ్వారావుపేట దగ్గర ఆయిల్ పామ్ తోట. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. డిగ్రీలో ఉండగా తండ్రి పోతే, తోట అతని చేతికొచ్చింది. తోట బాగుంది, ఇల్లు బాగుంది, కుర్రాడూ బాగున్నాడు. కానీ "అబ్బాయి వ్యవసాయమండీ" అనగానే పెళ్ళిళ్ళ పేరయ్యల గొంతే తగ్గిపోయేది. అలాంటి రోజుల్లో వేంసూరు బసవపున్నయ్య గారి అమ్మాయి సంబంధం వచ్చింది. సివిల్ ఇంజినీరు. వంతెనలకు గర్డర్లు పోసే చోట క్వాలిటీ చూస్తుంది.

మొదటిసారి చూపులకు బయల్దేరబోతుంటే యార్డులో జాక్ మొరాయించిందని కబురు. ఆ సాయంత్రం ఆ అమ్మాయే ఫోన్ చేసింది. వెనక ఏదో యంత్రం ఘోష. "వినబడుతోందా? సారీ అండీ! మీరు కొత్త చొక్కా వేసుకుని కూర్చుని ఉంటారు కదా!" అని అరిచింది. నిజంగానే కొత్త చొక్కాతో కూర్చుని ఉన్న జయప్రకాశ్‌కి నవ్వొచ్చింది. "వేసుకున్నా. విప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా," అన్నాడు. అవతల ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నప్పటి నుంచీ అతనికి కుదురు లేదు.

రెండోసారి కాంక్రీట్ పనుందని రాలేదు. ఈసారి ఫోనూ లేదు.

"మూడోసారి ఇక లేదు," అని తేల్చేసింది తల్లి శారద. "సాయంత్రం దమ్మపేట సంబంధం వాళ్ళొస్తున్నారు. బుద్ధిగా ఇంట్లో ఉండు."

"మిల్లు దాకా వెళ్ళొస్తా," అని అబద్ధం చెప్పి, అతను బండిని ఇటు తిప్పాడు.

ములకలపల్లి దాటాక, ఒకవైపు టేకు చెట్లు, రెండోవైపు ఈ యార్డు. కొత్త రోడ్డులో వాగుల మీద వేసే గర్డర్లన్నీ ఇక్కడే పోసి, పొడుగాటి బండ్ల మీద తీసుకెళ్తారు. రైలుపెట్టె కన్నా పొడవైన కాంక్రీట్ దూలాలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద కప్పిన తడి గోనెపట్టాల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఒక అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని, రేకు మీద ఇనుప గరాటులాంటిది బోర్లించి, అందులో కాంక్రీట్ నింపి, ఊచతో పొడిచి, గరాటును నిటారుగా పైకి లేపింది. కాంక్రీట్ నిలబడలేదు. నీళ్ళెక్కువైన ఇడ్లీ పిండిలా జారిపోయింది.

"వాపస్," అంది ఆ అమ్మాయి.

పక్కన నిలబడ్డ ఫోర్‌మన్ రూప్లా తల పట్టుకున్నాడు. "మేడం, గీ మిక్సర్ వాపస్ పోతే ఇంకోటి వచ్చేదాక మనోళ్ళంత ఖాళీగ కూసోవాలె."

"కూర్చోనీ అన్నా. దీని మీద బస్సులు పోవాలి."

"బస్సులు పొయ్యేది ఇంకో రెండేండ్లకు గద."

"అప్పటికీ ఇదే గర్డర్ కదా!"

రూప్లా నవ్వేసి డ్రైవర్ వైపు చెయ్యి ఊపాడు. మిక్సర్ లారీ గొణుక్కుంటూ వెనక్కి తిరిగింది. ఆమె లేచి, వెనక్కి చూసింది. పెళ్ళిచూపుల ఫొటోలో పట్టుచీర, మల్లెపూలు. ఇక్కడ చెంప మీద ఎండిన సిమెంటు మరక. ఆమె కళ్ళు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. వెంటనే మళ్ళీ పనిలో ఉన్న మనిషి కళ్ళయిపోయాయి.

"ఆ పసుపు గీత దాటకండి," అంది.

అదే తొలిమాట.

"నేను అశ్వారావుపేట నుంచి..."

"తెలుసు. ఫొటో చూశాను. అందులో హెల్మెట్ లేదు, అంతే తేడా."

"మీ ఫొటోలోనూ లేదు."

రూప్లా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మాట్లాడాలి. కాసేపు చాలు," అన్నాడు జయప్రకాశ్.

"ఇవాళ కాస్టింగ్, గర్డర్ పోసే రోజు. ఒకసారి మొదలుపెడితే చివరిదాకా ఆపకూడదు. మధ్యలో ఆగిపోతే ముందు పోసినదీ తర్వాత పోసినదీ అతుక్కోవు. గర్డర్ మొత్తం దండగ. ఉండగలిగితే ఉండండి." రూప్లా వైపు తిరిగింది. "అన్నా, ఈయన విజిటర్. మిక్సర్ వచ్చేలోగా యార్డు చూపించు."

"నేను యార్డు చూడ్డానికి రాలేదు."

"గేటు దగ్గర అదే చెప్పారంటగా. లచ్చిరాం ఫోన్ చేశాడు." ఆమె పెదవి చివర కాస్త వంగింది. "సెంటు సంగతి కూడా చెప్పాడు."

రూప్లా అతన్ని యార్డంతా తిప్పాడు. ఇనుప చువ్వలతో అల్లిన పొడుగాటి పంజరాలు, వాటి మధ్య పాముల్లా వంపు తిరిగిన రేకు గొట్టాలు, మనిషి కన్నా ఎత్తైన ఇనుప అచ్చులు. జయప్రకాశ్ తల ఊపుతున్నాడే గానీ, కళ్ళు ప్రతి మలుపులోనూ వెనక్కి పోతున్నాయి.

"మేడం ఆడ్నే ఉంటది సారూ, ఎటు వోదు," అన్నాడు రూప్లా. "జర ఇటు గూడ జూడు."

ఒక గర్డర్‌కు రెండు చివర్లా జాక్‌లు బిగించి, లోపలి తీగలను లాగుతున్నారు. మోటారు మూలుగుతోంది. కదలిక ఏమీ కనబడదు. జయప్రకాశ్‌కి విసుగు పుట్టే వేళకు రూప్లా "కిందికి జూడు" అన్నాడు.

అతను వంగి చూశాడు. ఇంతసేపూ నేలకు అతుక్కుని ఉన్న గర్డర్ నడుము దగ్గర సన్నని వెలుతురు గీత పుట్టింది. దాని అవతల ఎవరివో బూట్లు కనిపించాయి.

"లేచిందా? ఇంత బరువు?"

"లేసింది. రెండు దిక్కుల గుంజినం గద. గుంజకుంటే రేపు దాని మీద బరువు వడంగనే నడుము వంగుతది."

ఆ అవతలి బూట్లు లిఖితవి. కొలత చూసుకుని ఇటువైపు వచ్చింది. జయప్రకాశ్ ఏదో ఒకటి మాట్లాడాలనుకున్నాడు.

"మనుషులైనా అంతేనేమో కదండీ. రెండువైపులా లాగే వాళ్ళుంటేనే..."

"అయ్యో, మీరు కూడానా!" అంది లిఖిత. "ఇది చూసిన ప్రతివాళ్ళూ జీవితం గురించి ఏదో ఒకటి చెప్తారు. పోయినవారం కాలేజీ పిల్లలతో వచ్చిన లెక్చరర్ గారైతే ఆపలేదు."

"నేను చెప్పబోయింది అది కాదు."

"మరేంది?"

"మర్చిపోయాను."

ఆమెకు నవ్వొచ్చింది. కనబడకుండా హెల్మెట్ కిందికి లాక్కుంది. అంతలో మిక్సర్ హారన్ మోగింది. ఈసారి గరాటు తీసినా కాంక్రీట్ బుద్ధిగా నిలబడింది. "కానీ," అంది లిఖిత. పని మొదలైంది.

జయప్రకాశ్‌ని షెడ్డు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోలేకపోయాడు. లేచి పసుపు గీత దాకా నడిచాడు. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. కాంక్రీట్‌ను కుదిపే వైబ్రేటర్ల రొద అతని ఛాతీలోనే ఎక్కడో తిరుగుతున్నట్టుంది. పాల్వంచ వైపు మబ్బు పడుతోంది. ఆమె అచ్చుల మీది నడవాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది. ఒక్కోసారి తలెత్తి ఆకాశం వైపు చూస్తుంది. ఆకాశం నుంచి దిగే చూపు ఒక్కోసారి షెడ్డు మీద ఆగుతుంది. ఆగిందా, ఆగినట్టు తనకే అనిపించిందా? సాయంత్రం ఇంటికెళ్ళి దమ్మపేట వాళ్ళ ముందు కూర్చోవాలి. ఈలోగా ఈమె అవుననో కాదనో అనాలి. కాదంటే? ఆ ఆలోచన రాగానే మళ్ళీ లేచి నిలబడ్డాడు.

"ఏంది బిడ్డా, గట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" మెస్సులో వంట చేసే గంగక్క పిలిచింది. "మొకం వాడింది. రా, తిందువు."

"వద్దమ్మా."

"వద్దంటే ఎట్ల? మేడం జెప్పింది, ఆ సారు పొద్దటి సంది తిన్లే, అన్నం వెట్టమని."

మేడం చెప్పిందా! అతని కాళ్ళు వాటంతటవే మెస్సు వైపు నడిచాయి. అన్నం, తోటకూర పప్పు, కోడిగుడ్డు పులుసు. పులుసు ఘాటుకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. శారద మామూలు కాల్ చేయడం ఎప్పుడో మానేసింది, అన్నీ వీడియో కాల్సే. అలవాటుగా బొటనవేలు నొక్కేశాక గానీ, తను మిల్లులో లేనని అతనికి గుర్తు రాలేదు.

"ఏరా, మిల్లులో లైను ఎంతుంది... ఆ నెత్తిమీద బోర్లించుకున్నదేంట్రా?"

"హెల్మెట్."

"అదెక్కడ? ఆ వెనక దూలాలేంటి? ఏరా, ఆ పిల్ల పనిచేసే చోటికి వెళ్ళావా?"

శారద మొహం తెరనిండా దగ్గరికొచ్చింది.

"ఆ చేతిలో ముద్దేంటి? అన్నం తింటున్నావా?"

"ఆకలేసిందమ్మా."

"ఎవరు పెట్టారు?"

"ఇక్కడ గంగక్కని... లిఖిత గారు పెట్టమన్నారంట."

"అయిపోయింది!" అంది శారద. ఫోన్ పెట్టేసింది.

ఆ 'అయిపోయింది' ఏమిటో జయప్రకాశ్‌కి ముద్ద మింగాక అర్థమైంది. వాళ్ళలో పెళ్ళిచూపులకు వెళ్తే కాఫీ తాగొచ్చు, జంతికలు నమలొచ్చు, మరీ మొహమాటపెడితే అరటిపండు కూడా తీసుకోవచ్చు. అన్నం మాత్రం ముట్టకూడదు. అమ్మాయి తరపువాళ్ళు అన్నం పెట్టి, అబ్బాయి తిన్నాడంటే సంబంధం ఖాయం. ఆ తర్వాత కాదంటే పెట్టిన చేతిని అవమానించినట్టే. శారద తన అన్నదమ్ములకు తెచ్చిన సంబంధాల్లో కూడా ఎవరినీ మెతుకు ముట్టనివ్వలేదు.

అతను చెయ్యి కడుక్కునే లోపే, అచ్చుల మీద లిఖిత ఫోన్ మోగింది. ఒకసారి కట్ చేసింది. మళ్ళీ మోగింది. తీసి చెవికి పెట్టుకుంది. అటు ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆమె వెనక్కి తిరిగి, సూటిగా మెస్సు వైపు చూసింది.

కాసేపటికి ఒక మిక్సర్ ఖాళీ అయి, తర్వాతది తూగుతూ లోపలికి వస్తుంటే, ఆమె నిచ్చెన దిగి విసవిసా వచ్చింది.

"మా నాయనమ్మ ఫోన్ చేసింది. 'తల్లీ, అబ్బాయికి అన్నం పెట్టావంటగా' అని ఏడుపొకటే తక్కువ. మీ అమ్మగారు మా నాన్నని అన్నయ్యగారూ అన్నారంట, దమ్మపేట వాళ్ళెవరినో రావద్దన్నారంట. అందరూ బయల్దేరి వస్తున్నారంట. ఏం చేశారు మీరు?"

"అన్నం తిన్నాను."

"ఎవరు తినమన్నారు?"

"మీరే పెట్టమన్నారు."

"ఆకలితో ఉన్న మనిషికి పెట్టమన్నాను! వచ్చే లారీ డ్రైవర్లకీ పెడతాం. వాళ్ళందరితో నా పెళ్ళి ఖాయమైనట్టా?"

గంగక్క మెస్సు గుమ్మంలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను," అన్నాడు జయప్రకాశ్. "ఆకలేసి తిన్నాను, దానికీ దీనికీ సంబంధం లేదని."

"చెప్పండి."

అతను ఫోన్ తీశాడు. దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"ఏంది, సిగ్నల్ లేదా?"

"ఉంది. చెప్పబుద్ధి కావట్లేదు."

లిఖిత కోపం ఎక్కడో తట్టుకుని ఆగింది. అతని వైపు కాక, వస్తున్న మిక్సర్ వైపు చూస్తూ అంది.

"రెండోసారి ఇక్కడ కాస్టింగ్ లేదు. ఆ రోజు యార్డుకి సెలవు. నేనే రాలేదు."

"ఎందుకు?"

"ఇదివరకు వచ్చినవాళ్ళంతా కాఫీ కప్పు కింద పెట్టకుండానే అడిగారు, పెళ్ళయ్యాక మానేస్తావుగా అని. వాళ్ళు అడిగితే నాకేం అనిపించలేదు. కానీ ఆ రోజు ఫోన్లో మీరు చొక్కా విప్పాలా వద్దా అన్నారు చూడండి..." ఆగింది. "మీ నోటితో ఆ మాట వినాలనిపించలేదు. అందుకే రాలేదు."

జయప్రకాశ్ గుండె ఒక్కసారి పైకి లేచింది. "నేను మానమనను," అన్నాడు.

"మీరు అనక్కర్లేదు. వచ్చే ఎండాకాలానికి ఈ యార్డు ఉండదు. గర్డర్లు పోసే ఈ బెడ్లన్నీ పగలగొట్టి, భూమి రైతుకి అప్పగించి వెళ్ళిపోతాం. తర్వాతది ఒడిశా అంటున్నారు. దాని తర్వాత ఎక్కడో తెలీదు. మీ చెట్లేమో ముప్పై ఏళ్ళు కదలవు."

"ఒడిశానా?" అతని నోట్లోంచి వచ్చేసింది. "అంత దూరమా?"

"చూశారా," అంది లిఖిత మెల్లగా.

మిక్సర్ వచ్చి ఆగింది. ఆమె వెళ్ళి నిచ్చెన ఎక్కింది. ఈసారి ఆకాశం వైపు చూసిన చూపు షెడ్డు మీదికి రానేలేదు.

జయప్రకాశ్ తనను తాను తిట్టుకున్నాడు. పసుపు గీత వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాడు. చెట్లు కదలవు, నిజమే. కానీ తను రోజంతా చేసేదేంటి? గెలలు కోతకు వచ్చేది పది పన్నెండు రోజులకోసారి. కోసిన రోజు, మిల్లుకు తోలిన రోజు ఊపిరాడదు. మిగిలిన రోజుల్లో డ్రిప్ పైపులు చూడడం, ఎరువులు, టీ కొట్టు దగ్గర కబుర్లు. అసలు కూలీలు ఎవరి మాట వింటారు? శారద గట్టు మీదికి వచ్చి నిలబడితే చాలు, గెల కింద రాలిన పండు ఒక్కటి కూడా తోటలో మిగలదు. తను లేకపోతే తోట ఆగిపోతుందని ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పుకున్నాడు? టీ కొట్టు వాడికా?

ఆ మాట ఇప్పుడే వెళ్ళి ఆమెకు చెప్పాలనిపించింది. కానీ కాంక్రీట్ ఆగదు. గీత దగ్గరే నిలబడ్డాడు.

చివరి మిక్సర్ ఖాళీ అయి బయటికి పోతుంటే, గేటు దగ్గర వెనకా ముందూ రెండు కార్లు ఆగాయి. లచ్చిరాం గొంతు ఖంగుమంది. "పట్టుచీర అయితేంది, ఏదైతేంది, హెల్మెట్ లేకుంటే పోనియ్య!"

శారద హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. చేతిలో పూలు, పళ్ళు పెట్టిన స్టీలు పళ్ళెం. వెనక బసవపున్నయ్య, ఆయన తల్లి సీతారావమ్మ. సీతారావమ్మ హెల్మెట్‌ను కొప్పు మీద ఎలా నిలపాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని నడుస్తోంది.

లిఖిత దిగి వచ్చింది. బూట్ల నిండా బురద, చేతుల నిండా సిమెంటు. నమస్కారం పెడదామని చేతులు కలిపి, వాటిని చూసుకుని మళ్ళీ విడదీసింది.

"నమస్తే ఆంటీ."

శారద ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. "మా వాడు అన్నం తిన్నాడు," అంది, అదేదో కోర్టులో సాక్ష్యం చెప్తున్నట్టు.

"అమ్మా, ఆకలేసి తిన్నాను," అన్నాడు జయప్రకాశ్. "ఒప్పుకున్నట్టు తినలేదు."

బసవపున్నయ్య మొహం పాలిపోయింది. సీతారావమ్మ "అదేంటి నాయనా" అంది. శారద పళ్ళెం చెయ్యి మార్చుకుంది.

"ఆయన చెప్పింది నిజమే ఆంటీ," అంది లిఖిత. "నాకూ దాచడం రాదు. నేను ఉద్యోగం మాననండీ. ఎండాకాలానికి ఈ యార్డు ఎత్తేస్తారు. ఒడిశా వెళ్ళాలి. అది తెలిశాక కూడా అన్నం తిన్నాడనే మాట మీద నన్ను చేసుకుంటే, రేపు మీరూ బాధపడతారు, నేనూ పడతాను."

"లిఖితా!" అన్నాడు బసవపున్నయ్య.

శారద ఏదో అనబోయింది. ఆమె ముక్కు మీద టప్పున ఒక చుక్క పడింది. రెండోది పళ్ళెంలో పడింది.

"వాన!" పైనుంచి రూప్లా కేక వేశాడు. "టార్పాలిన్! జల్దీ!"

లిఖిత అప్పటికే పరుగెత్తుతోంది. ఇప్పుడే పోసి నున్నగా చేసిన గర్డర్ పైభాగం ఇంకా పచ్చిగా ఉంది. వాన కొడితే సిమెంటు కొట్టుకుపోతుంది. పనివాళ్ళు సగం మంది అప్పుడే భోజనాలకు వెళ్ళారు. టార్పాలిన్ చూస్తే మడతల్లో పాత వాననీళ్ళు నిలిచి ఏనుగంత బరువుంది. రూప్లా, ఇంకొందరు ఒక కొసను లాగలేక లాగుతున్నారు.

జయప్రకాశ్ పసుపు గీత దాటాడు. ఎవరూ ఆపలేదు. నిచ్చెనెక్కి రెండో కొస అందుకున్నాడు.

శారద ఒక్క క్షణమే నిలబడింది. కళ్ళంలో వడ్లు పోసి ఉండగా చినుకు పడితే పీట మీద కూర్చున్న మనిషి కూడా లేచి పరుగెత్తే ఇంట్లో పుట్టిందామె. వాన, తడవకూడనిది ఒకటి, పట్టా. ఇంక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. పళ్ళెం సీతారావమ్మ చేతిలో పెట్టి, కొంగు బిగించింది.

"ఏంటలా చూస్తారు అన్నయ్యగారూ? ఆ మూల పట్టండి! గాలి ఇటునుంచి కొడుతోంది, ముందు ఈ పక్క తాడు కట్టాలి. ఓ అబ్బాయ్, ఎర్ర చొక్కా! లాగు, లాగు!"

ఎర్ర చొక్కా వేసుకున్నది రూప్లా. "లాగుతున్న అమ్మా!" అన్నాడు.

టార్పాలిన్ గర్డర్ మీదుగా గుప్పున పరుచుకుంది. కింద శారద, బసవపున్నయ్య తాళ్ళు కట్టిస్తున్నారు. పైన, గర్డర్‌కు చెరోవైపు నడవాలో, పట్టా అంచులు గాలికి లేవకుండా అదిమి పట్టుకుని లిఖిత, జయప్రకాశ్ ఎదురెదురుగా నిలబడ్డారు. వాన హెల్మెట్ల మీద డప్పు వాయిస్తోంది. అతని ఇస్త్రీ చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అరిచాడు జయప్రకాశ్.

"వదలకుండా పట్టుకుని మాట్లాడండి!"

"గెలలు పది పన్నెండు రోజులకోసారి కోస్తారు. కోత అయ్యాక నాకు పెద్దగా పనుండదు. కొత్తగూడెంలో రైలెక్కితే మీ ఒడిశాకి ఎన్ని బండ్లు మారాలో తెలీదు, మారతాను. కోతకి ఇక్కడ, కోత అయ్యాక అక్కడ. మీకు వీలైనప్పుడు మీరు రండి."

"అదెలా కుదురుతుంది? మధ్యలో చెట్లెవరు చూస్తారు?"

"మా అమ్మ! ఇప్పుడైనా చూసేది తనే. నేను చూస్తున్నానని ఊరంతా అనుకుంటోంది, అంతే!"

"నాకు వినబడుతోందిరా!" కింది నుంచి శారద గొంతు.

లిఖిత నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోన్లో విన్న నవ్వే. ఆ నవ్వుకు మొహం ఎలా ఉంటుందో అతను ఇన్నాళ్ళూ ఊహించుకున్నాడు. ఊహలో సిమెంటు మరక లేదు, ముక్కు చివర వాన చుక్క లేదు. ఇదే బాగుంది.

"ఇందాక 'అంత దూరమా' అన్నారు," అంది ఆమె.

"అన్నాను. దూరమే. దూరం కాదని అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ మీరు లేకుండా అశ్వారావుపేటలో కూర్చుంటే... పొద్దున్నించీ చూశారుగా నన్ను. కూర్చోగలనంటారా?"

గాలికి పట్టా లేవబోతే ఇద్దరూ ఒకేసారి ముందుకు వంగి అదిమారు. పట్టా మీద అతని చేతికీ ఆమె చేతికీ మధ్య బెత్తెడు ఎడం ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కింద తాళ్ళు బిగిశాయి. శారద నడుం మీద చేతులు పెట్టుకుని, హెల్మెట్ అంచు నుంచి నీళ్ళు కారుతుండగా, పైకి చూసింది. కాసేపు కొడుకును చూసింది. కాసేపు ఆ పిల్లను చూసింది. వానలో తడిసిన తన పట్టుచీరను చూసుకుంది.

"ఏమ్మాయ్!" అని పిలిచింది.

"ఆఁ!"

"ఆ ఒడిశాలో ఏం బియ్యం తింటారు?"

బసవపున్నయ్య తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సీతారావమ్మ పళ్ళెం మీద కొంగు కప్పి షెడ్డు కింద నుంచి మెడ చాచింది.

లిఖిత పట్టా అంచు వదలకుండానే కిందికి వంగింది.

"ఉప్పుడు బియ్యం, అత్తయ్యా!"

"అబ్బే, అవి మావాడికి పడవు," అంది శారద. "బియ్యం మనింటి నుంచే పంపాలి."